నాయనకు తెలుస్తోందా, తెలియడం లేదా?

నెల్లూరు జిల్లా అల్లూరు వైపు పల్లె నుంచి ముప్ఫై నాలుగేళ్ల గృహిణి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. సంగతి క్లుప్తంగా ఇది.

వాళ్ల నాయనకు అరవై ఒక్కేళ్లు. మూడెకరాల రొయ్యల గుంట చూసుకునేవారు. ఏడు నెలల కిందట తెల్లవారుజామున గుంట దగ్గర్నుంచి బైకు మీద ఇంటికి వస్తూ పడిపోయారు. హెల్మెట్ లేదు. తలకు దెబ్బ తగిలితే నెల్లూరులో ఆపరేషన్ చేశారు. మూడో వారంలో కళ్లు తెరిచారు. ఇంటిల్లిపాదీ తెలివొచ్చేసిందని సంబరపడ్డారు కానీ, ఆ తర్వాత పిలిచినా పలకలేదు, చెయ్యి ఎత్తమన్నా ఎత్తలేదు. డిశ్చార్జ్ కాగితాల మీద ‘వెజిటేటివ్ స్టేట్’ అని రాశారు. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు. పగలు కళ్లు తెరిచి ఉంటారు, రాత్రి నిద్రపోతారు. జావ, పాలు అన్నీ ముక్కు గొట్టంలోనే.

బెంగళూరులో ఉద్యోగం చేసే అన్న ఇప్పటికి పదకొండు లక్షలు ఖర్చు పెట్టారు. “ఆయనకేమీ తెలియడం లేదు, ఇంకా ఆయన్ని బాధపెట్టొద్దు, ఆ గొట్టం తీసేద్దాం” అంటున్నారు. వాళ్ల పెదనాన్న మంచాన పడ్డప్పుడు నాయన అన్న మాట గుర్తు చేస్తున్నారు: “నా గతి ఇట్టా అయితే గొట్టాలు పెట్టి పడుకోబెట్టొద్దు.” అమ్మ ఒప్పుకోవడం లేదు. “ఆయనకి అన్నీ తెలుస్తన్నాయి” అంటూ పెంచలకోనకు మొక్కుకుంది, కసుమూరు దర్గాకు వెళ్లి తాయెత్తు తెచ్చి కట్టింది.

మధ్యలో ఈ కూతురు. భర్త, ఏడేళ్ల కొడుకు ఒంగోలులో ఉంటే ఐదు నెలలుగా పుట్టింట్లోనే ఉండిపోయారు. ఆమె రాసిన ఒక పేరా ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

“ఒకరోజు అమ్మ నాయనకు గడ్డం గీసి, అలవాటు కొద్దీ చేతి అద్దం మొహం ముందు పెట్టింది. అద్దం పక్కకు జరిపితే నాయన కళ్లు దాని వెంట జరిగాయి. రెండు రోజుల తర్వాత నేను చేసి చూశాను. మళ్లీ జరిగాయి. అన్న వచ్చినప్పుడు చూపించబోతే కదల్లేదు. నీ భ్రమ అన్నాడు. అదే రోజు మంచం పక్కనే నిలబడి, ఇంక లాభం లేదమ్మా అన్నాడు. నాయన కుడి కంట్లోంచి నీళ్లు కారాయి. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. నాయనకు తెలుస్తోందా, తెలియడం లేదా? తెలుస్తుంటే మేం ఆయన్ని ఎంత హింస పెడుతున్నాం?”

గుంట లీజు కాగితాల మీద నాయన వేలిముద్ర తీసుకోమని బంధువులు సలహా ఇస్తున్నారని కూడా రాశారు.

*

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి అద్దం దగ్గర ఆగిపోయాను. ముందు దాని గురించే చెబుతాను. మీరు అడిగిన మిగతావాటికి దారి అక్కడి నుంచే ఉంది.

మన మాటలోనే ఒక చిక్కుంది. తెలివి తప్పింది, తెలివొచ్చింది అంటాం. ఆ ఒక్క మాటలో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి మెలకువ, రెండోది ఎరుక. మెలకువ అంటే కళ్లు తెరవడం, రాత్రి నిద్ర, పొద్దున లేవడం. దాన్ని నడిపేది మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే భాగం. ఎరుక అంటే నేనెవరు, ఎదురుగా ఉన్నదెవరు, ఈ గొంతు ఎవరిది అన్నది తెలియడం. దానికి మెదడు పైపొర, లోపల థాలమస్ అనే భాగం, వాటి మధ్య దారులు అన్నీ కలిసి పనిచేయాలి. తలకు పెద్ద దెబ్బ తగిలినప్పుడు అడుగు భాగం తేరుకుని, పై దారులు తెగిపోయి ఉండవచ్చు. అప్పుడు మనిషి మేలుకునే ఉంటాడు, ఎరుక ఉందో లేదో పైకి కనబడదు. కాగితాల మీద ‘వెజిటేటివ్ స్టేట్’ అని రాసింది దీన్నే. కోమా సాధారణంగా కొన్ని వారాలకు మించి ఉండదు. ఆ తర్వాత కళ్లు తెరుచుకుంటాయి. మీరంతా సంబరపడ్డ రోజు నాయనకు వచ్చింది మెలకువ.

ఇది మీ నాయన పనిలోంచే చెబుతాను. గుంటలో నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతున్నాయి కదా అని రొయ్య మేత తింటోందని ఆయన ఏనాడూ అనుకుని ఉండరు. మేత తిన్నాయో లేదో తెలిపే చెక్ ట్రే ఎత్తి చూసేవారు. ఒక మూల చూసి ఊరుకోకుండా నాలుగు మూలలా చూసేవారు. ఒక పూట తినకపోతే రొయ్య పోయిందని తీర్మానించకుండా సాయంత్రం మళ్లీ ఎత్తేవారు. కళ్లు తెరిచి ఉండడం ఏరియేటర్ తిరగడం లాంటిది. మీ అమ్మగారు తనకు తెలియకుండానే చెక్ ట్రే ఎత్తారు.

ఎందుకంటే ఆ అద్దం ఉత్త అద్దం కాదు. ఇలాంటి రోగులను పరీక్షించడానికి కోమా రికవరీ స్కేల్ అనే పద్ధతి ఉంది. 2004లో సవరించిన రూపాన్నే ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. చూపు ఒకదాన్ని వెంబడిస్తోందా లేదా అని చూడటానికి అందులో వాడేది చేతి అద్దమే. వేరే వస్తువుకో ఎదుటి మనిషికో కదలని కళ్లు సొంత మొహం వెంట కదలడం పరిశోధకులు గమనించారు. చూపు అలా నిలకడగా వెంబడిస్తే, అది ‘వెజిటేటివ్’ స్థితి దాటి కొద్దిపాటి ఎరుక ఉన్న స్థితిలోకి వస్తున్నారనడానికి మొదటి గుర్తుల్లో ఒకటి. డాక్టర్లు దీన్ని ‘మినిమల్లీ కాన్షియస్ స్టేట్’ అంటారు. 2002లో దీనికి విడిగా లక్షణాలు నిర్ణయించారు. ఆ స్థితిలో ఎరుక వస్తూ పోతూ ఉంటుంది, అదే దాని స్వభావం. పొద్దున ఉన్నది మధ్యాహ్నం ఉండదు. కాబట్టి మీకు కనబడి అన్నకు కనబడకపోవడం వల్ల మీరు చూసింది భ్రమ అయిపోదు, అన్న అబద్ధం చెప్పినట్టూ కాదు.

బెల్జియం పరిశోధకులు 2009లో ప్రచురించిన ఒక పరిశీలన మీకు తెలియాలి. ‘వెజిటేటివ్’ అని వైద్య బృందం నిర్ధారించిన 44 మందిని ఈ స్కేలుతో మళ్లీ చూస్తే 18 మందిలో కొద్దిపాటి ఎరుక కనబడింది. ఆ డాక్టర్లకు చదువు లేక కాదు. మంచం పక్కన ఐదు నిమిషాలు నిలబడితే చిక్కే సంగతి కాదది. అందుకే వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో కనీసం ఐదుసార్లు పరీక్షించాలంటారు.

ఇంకా లోతుకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. 2006లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో, రోడ్డు ప్రమాదం తర్వాత ఐదు నెలలుగా స్పందన లేని ఇరవై మూడేళ్ల అమ్మాయిని స్కానర్‌లో పడుకోబెట్టి “టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో”, “మీ ఇంట్లో గది గదికీ నడుస్తున్నట్టు ఊహించుకో” అన్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఏ భాగాలు పనిచేస్తాయో ఆమె మెదడులోనూ అవే పనిచేశాయి. ఒంట్లో వేలు కూడా కదలలేదు, లోపల మాత్రం ఆ అమ్మాయి మాట విని, అర్థం చేసుకుని, చెప్పింది చేసింది. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, చెప్పిన పని పైకి చేయలేని 241 మందిలో 60 మంది మెదడు ఇలాగే స్పందించింది. అంటే నలుగురిలో ఒకరు. మిగతా ముగ్గురిలో అలాంటి స్పందన కనబడలేదన్నది కూడా అంతే గట్టిగా గుర్తుంచుకోవాలి. ఈ పరీక్ష మన దగ్గర మామూలు ఆసుపత్రుల్లో చేసేది కాదు. దీనికోసం గుంట అమ్ముకోవద్దు. ఇదంతా చెప్పింది ఒక్కందుకే: “ఆ కళ్లల్లో మనిషి లేడు” అని పైకి చూసి ఎవరూ తేల్చి చెప్పలేరు.

అన్నీ తెలుస్తున్నాయని కూడా చెప్పలేం. ఇక్కడ మీ అమ్మగారి మాటను కూడా పరీక్షించాలి. అన్న ఏమీ తెలియదంటున్నారు, ఆ వెంటనే బాధపెట్టొద్దంటున్నారు. ఏమీ తెలియని మనిషికి బాధెక్కడిది? అమ్మ అన్నీ తెలుస్తున్నాయంటున్నారు, మంచం మీద కూర్చుని అప్పుల లెక్కలు చెప్పి ఏడుస్తున్నారని మీరే రాశారు. తెలుస్తోందని నిజంగా నమ్మితే ఆ మనిషి ముందు అలా మాట్లాడతారా? ఇద్దరినీ తప్పు పట్టడానికి చెప్పడం లేదు. తట్టుకోలేని దిగులు పడినప్పుడు ఏదో ఒక కొసను పట్టుకుంటాం. ఒకరు పూర్తిగా లేదన్న కొసను, ఇంకొకరు పూర్తిగా ఉందన్న కొసను పట్టుకున్నారు. ఆయనలో ఎరుక ఉంటే అది ఈ రెంటికీ నడుమ ఉండే అవకాశమే ఎక్కువ. ఈ పూట ఇంత, రేపు ఇంకొంత. ఒక గొంతు తెలిసి, ఆ గొంతు చెప్పే మాట తెలియకపోవచ్చు.

అందుకే ఆ కన్నీటి దగ్గర మీరు కొంచెం ఆగాలి. ఎరుక ఏమాత్రం లేనివాళ్లకూ కళ్లలో నీళ్లు కారతాయి. ఆవులిస్తారు, మూలుగుతారు, చేతిలో చెయ్యి పెడితే పట్టుకుంటారు. ఒక్కోసారి నవ్వినట్టు కూడా ఉంటుంది. ఇవన్నీ మెదడు అడుగు భాగం తనంతట తాను చేయగలిగినవి. రెప్ప సరిగా పడకపోతే కన్ను ఎండి నీరు కారుతుంది. ఆ ఒక్క చుక్కను పట్టుకుని నాయన అంతా విని కుమిలిపోతున్నారని మీరు రాత్రులు మేలుకోవద్దు. అద్దం వెంట చూపు రెండు రోజులు జరగడం దానికంటే ఎంతో బలమైన సాక్ష్యం. అయినా మాటలు గది బయటే మాట్లాడుకోండి. తెలుస్తుంటే అది ఆయనకు మనం ఇవ్వాల్సిన మర్యాద, తెలియకపోయినా మనకు పోయేదేమీ లేదు.

ఇక నొప్పి. కొద్దిపాటి ఎరుక ఉన్నవాళ్ల మెదడు నొప్పికి మనలాగే స్పందిస్తుందని స్కానింగుల్లో తేలింది. కాబట్టి బిగుసుకుపోయిన చేతులు చాపేటప్పుడు, పుండ్లకు కట్టు మార్చేటప్పుడు నాయనకు నొప్పి తెలుస్తుందనే అనుకుని నడుచుకోండి. ముందుగా నొప్పి మందు ఇవ్వవచ్చా అని డాక్టర్‌ను అడగండి. ఇంకొక మాట, అమ్మగారికి చెప్పాల్సింది. మొక్కులు, తాయెత్తు ఆమెకు ఊరట, వాటితో పేచీ వద్దు. తీర్థం మాత్రం నోట్లో పోయనివ్వకండి. మింగడం రాని మనిషికి రెండు చుక్కలైనా ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా రావచ్చు. నుదుటికి రాస్తే చాలు.

ఇప్పుడు మీరు చేయగలిగింది. ఒక నోటుబుక్కు తీసుకోండి. పొద్దున స్నానం అయ్యి, కాసేపు కుదురుకున్నాక, కళ్లు బాగా తెరిచి ఉన్న వేళ చూసుకోండి. టీవీ ఆపండి, ఫ్యాను చప్పుడు ఎక్కువైతే అదీ ఆపండి. అద్దం మొహానికి నాలుగు నుంచి ఆరు అంగుళాల దూరంలో పట్టుకుని, మెల్లగా కుడికి, ఎడమకు, పైకి, కిందికి జరపండి. ఒక్కో వైపు రెండేసి సార్లు. కళ్లు వెంట వచ్చాయా, మధ్యలో వదిలేశాయా రాయండి. తర్వాత ఒకే ఒక్క పని చెప్పండి. “నాయనా, బొటనవేలు కదిలించు.” చెప్పి పదిహేను సెకన్లు ఊరుకోండి. తొందరపడి మళ్లీ మళ్లీ అనకండి, దెబ్బతిన్న మెదడుకు మాట చేరడానికి టైం పడుతుంది.

ఇందులో ఒక కిటుకుంది, దయచేసి దాన్ని వదలకండి. ఏమీ అడగకుండా కూడా అంతే సేపు ఆ వేలినే చూస్తూ కూర్చోండి. అడగనప్పుడూ వేలు కదులుతుంటే అది ఉత్త కదలిక. అడిగినప్పుడు ఎక్కువసార్లు, అడగనప్పుడు తక్కువసార్లు కదిలితే అప్పుడు దానికి అర్థం ఉంది. ప్రేమ ఉన్న కంటికి ఏ కదలికైనా జవాబులాగే కనబడుతుంది. ఈ పద్ధతి ఆ ప్రేమను తప్పు పట్టకుండానే నిజాన్ని వేరు చేస్తుంది. మీరొకసారి, ఆ పుస్తకం చూడని ఇంకొకరు ఇంకొకసారి చేసి, ఫోనులో వీడియో తీయండి. కదలని రోజులు కూడా రాయండి. అవి దాచేస్తే మీ అన్న ముందూ డాక్టర్ ముందూ ఆ పుస్తకానికి విలువ ఉండదు.

రెండు వారాల రాత, వీడియోలు పట్టుకుని న్యూరాలజీ డాక్టర్‌ను కలవండి. తిరుపతి స్విమ్స్ గానీ, మన వైపు వాళ్లు ఎప్పటినుంచో వెళ్తున్న వేలూరు సీఎంసీ గానీ, బెంగళూరు నిమ్హాన్స్ గానీ. నేనైతే నిమ్హాన్స్ అపాయింట్‌మెంటు పని అన్నకు అప్పగిస్తాను. ఇప్పటిదాకా ఆయన వంతు డబ్బు పంపడమే అయింది. మంచం దగ్గర ఏం జరుగుతోందో దూరం నుంచి చూసేవాడికి ఆశ కంటే అలసటే ముందొస్తుంది. డాక్టర్ ఎదుట కూర్చుని ఆయన కూడా వినాలి. అడగాల్సినవి: తలలో నీరు చేరిందా (దెబ్బ తగిలిన కొన్ని నెలలకు కూడా చేరుతుంది, దానికి వైద్యం ఉంది), ఫిట్స్ మందు మత్తు ఎరుకను అణిచేస్తోందా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందా, చెవులు వినిపిస్తున్నాయా. అమాంటాడిన్ అనే మందు గురించి కూడా అడగండి. 2012లో 184 మంది మీద చేసిన పరీక్షలో, తలకు దెబ్బ తగిలి నాలుగు నుంచి పదహారు వారాలైనవాళ్లు ఆ మందు వాడుతున్నన్నాళ్లూ కొంచెం వేగంగా కోలుకున్నారు. మీ నాయనకు ఆ గడువు దాటింది. అయినా డాక్టర్ అభిప్రాయం తెలుసుకోండి.

ఏడు నెలలంటే ఆలస్యమైపోయినట్టు కాదు. ఊపిరాడక మెదడు దెబ్బతిన్నవాళ్ల కంటే ప్రమాదంలో దెబ్బ తగిలినవాళ్లకు కోలుకునే అవకాశం ఎక్కువ. ఏడాది దాటాక కూడా కొందరిలో మార్పు వస్తుందని తెలిశాక, ‘శాశ్వతం’ అన్న మాటను 2018లో అమెరికా నరాల వైద్యుల సంఘం మానేసి ‘దీర్ఘకాలిక’ అనమంది. అలాగని లేచి గుంటకు నడిచి వెళ్తారని నేను చెప్పలేను. ఎరుక పెరిగినా ఇంకొకరి చేతి మీద ఆధారపడి బతకాల్సి రావడమే ఎక్కువ మందిలో జరుగుతుంది. ఇది తెలిసే మీరు నిర్ణయం తీసుకోవాలి.

అన్న చెప్పిన దారి గురించి. ఇంట్లో గొట్టం తీసేయడం కుదరదు. అది చట్టం ఒప్పుకోదు, ఆ పైన ఆకలీ దాహంతో ఏ రోజుకారోజు మీ కళ్ల ముందే జరుగుతుంది. చికిత్స ఆపడం గురించి సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఒక విధానం చెప్పి, 2023 జనవరిలో దాన్ని కొంత తేలిక చేసింది. ఆసుపత్రిలో ఒక మెడికల్ బోర్డు, దానిపైన ఇంకొక బోర్డు, కుటుంబం సమ్మతి, అన్నీ కాగితం మీద ఉండాలి. ఆ దారిలో వెళ్లాలన్నా ముందు అడిగేది, నాయన నిజంగా ఏ స్థితిలో ఉన్నారన్నదే. అంటే నోటుబుక్కు, పరీక్ష రెండు దారులకూ కావాలి. ముంబైలో నలభై రెండేళ్లు మంచం మీదే ఉన్న నర్సు అరుణా షాన్‌బాగ్‌కు ఆహారం ఆపాలన్న పిటిషన్ విషయంలో, 2011లో కోర్టు రోజూ ఆమెను చూసుకునే ఆసుపత్రి సిబ్బంది మాటకే విలువ ఇచ్చింది. రోజూ ఒళ్లు తుడిచే మీ మాటకు బరువు ఉంది.

నాయన అన్న మాటకూ బరువు ఉంది. “గొట్టాలు పెట్టి పడుకోబెట్టొద్దు” అన్నది అన్న కల్పించింది కాదు కదా. దాన్ని తోసేయకండి. పెదనాన్నను చూసి అన్నప్పుడు ఆయన మనసులో ఏముంది? ఎన్నాళ్లని? ఏ మాత్రం కోలుకునే ఆశ ఉన్నా అదే మాట అనేవారా? అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ముగ్గురూ తీరిగ్గా గుర్తు చేసుకోండి. రెండు కొసల మధ్య ఒక దారి ఉందని చాలా ఇళ్లలో తెలియదు: ఇప్పుడు ఇస్తున్న ఆహారం, మందులు ఆపకుండా, రేపు పెద్ద న్యుమోనియా వస్తే ఐసీయూకు, వెంటిలేటర్‌కు వెళ్లాలా, ఇంట్లోనే బాధ లేకుండా చూసుకోవాలా అన్నది ముందే డాక్టర్‌తో మాట్లాడుకుని పెట్టుకోవడం. అలా చేస్తే ఆ రాత్రి అంబులెన్సులో మీరొక్కరే నిర్ణయించాల్సిన గతి పట్టదు. ప్రమాదం జరిగి ఏడాది అయ్యే రోజును గడువుగా పెట్టుకుని, అప్పటిదాకా పూర్తిగా ప్రయత్నించి, ఆ రోజు మళ్లీ కూర్చుందామని అన్నతో అనవచ్చు. చివర కనబడితే ఆయనకు ఓపిక వస్తుందేమో. ఐదు నెలల తర్వాత మీకు ఇష్టం లేని మాట వినాల్సి రావచ్చన్నది మాత్రం తెలిసే ఒప్పుకోండి.

వేలిముద్ర వద్దే వద్దు. ఎరుక లేని మనిషి వేలు పట్టి వేయించిన ముద్ర చెల్లదు, మీ మీద కేసు అవుతుంది. ఇలాంటివారి ఆస్తి వ్యవహారాలకు హైకోర్టులు సంరక్షకులను నియమిస్తున్నాయి, వకీలును అడగండి. ఎన్టీఆర్ భరోసాలో మంచానికే పరిమితమైనవాళ్లకు నెలకు 15,000 రూపాయల పింఛను విభాగం ఉంది. దానికి కావాల్సిన సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ గురించి సచివాలయంలో కనుక్కోండి.

చివరగా మీ గురించి. ఆరు పేజీల్లో మీ అబ్బాయి గురించి రెండే వాక్యాలు రాశారు. ఫోన్‌లో “అమ్మా, తాత లేచాడా?” అని అడిగి పెట్టేస్తాడని. ఆ రెండు వాక్యాలు చదివి నాకు దిగులేసింది. నెల్లూరులో రోగులను ఉంచుకునే చోట నాయనను చేర్చమని మీ వారు అంటున్నారన్నారు. దానివల్ల మీకు ఇల్లు దక్కుతుంది, కానీ పొద్దున ఆ వేళ చూసి అద్దం పట్టేవాళ్లు అక్కడ ఉండరు. ఊళ్లో ఒక మనిషిని జీతానికి పెట్టుకుని ఒళ్లు తిప్పడం, గొట్టంలో పోయడం నేర్పితే మీరు వారానికి మూడు రోజులు ఒంగోలులో ఉండవచ్చు. ఖర్చు అవుతుంది, మొదట్లో అమ్మకు నచ్చకపోవచ్చు. లేదంటే సెలవుల్లో అబ్బాయినే అక్కడికి తెచ్చుకోండి. పిల్లవాడు చూసి జడుసుకుంటాడని భయపడుతున్నారు. తాత మేలుకునే ఉంటాడు, మాట్లాడలేడు, నీ గొంతు వినబడుతుండవచ్చు అని ముందే చెప్పి తీసుకెళ్తే పిల్లలు మనకంటే త్వరగా కుదురుకుంటారు. మీకు నిద్ర పట్టని రాత్రి 14416కు చేయండి. అది టెలి మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ సహాయ లైను, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

అబ్బాయి వస్తే వాడి చేతికి కూడా ఒకసారి ఆ అద్దం ఇవ్వండి. వాడు “తాతా” అని పిలిచినప్పుడు ఏం జరిగిందో, ఏమీ జరగకపోయినా సరే, తారీఖు, టైం వేసి రాయండి. మొదటి వారం పేజీలు ఫోటో తీసి, కింద మీ అభిప్రాయం ఏమీ రాయకుండా, అన్నకు పంపండి.